ఎవరెస్ట్ దారుల గురించి తెలుగులో రాసేవారికి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎవరెస్ట్ మీద వార్త, ఆదివారం వ్యాసం, పిల్లల పాఠం, వీడియో స్క్రిప్టు రాసేవాళ్లకు వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. ఏ వైపు నుంచి ఎక్కారు, క్యాంపు ఎత్తు ఎంత, ఐస్‌ఫాల్‌ని తెలుగులో ఏమనాలి, ఈ ఫొటో పెట్టొచ్చా అని మళ్లీ మళ్లీ అడుగుతుంటారు. వాటికి జవాబులు ఒకచోట చేర్చాం. ఏ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లినా జవాబు పూర్తిగా అక్కడే దొరుకుతుంది.

## కొండను పరిచయం చేసేటప్పుడు

ఎవరెస్ట్‌కి దారి ఒకటే కదా, మళ్లీ ఏ దారి అని ఎందుకు చెప్పాలి?

ఒకటి కాదు. ఇప్పటిదాకా పదిహేనుకు పైగా వేర్వేరు దారుల్లో ఎక్కారు. ఏటా జనం వెళ్లేవి మాత్రం రెండే. నేపాల్ వైపు నుంచి ఆగ్నేయ రిడ్జ్ మీదుగా వెళ్లేది ఒకటి, టిబెట్ వైపు నుంచి నార్త్ కల్, ఈశాన్య రిడ్జ్ మీదుగా వెళ్లేది రెండోది. (రిడ్జ్ అంటే కొండ అంచు, కల్ అంటే రెండు కొండల మధ్య పల్లంగా ఉండే చోటు.) మొదటి దారిలో 1953 మే 29న టెన్జింగ్ నోర్గే, ఎడ్మండ్ హిల్లరీ శిఖరం చేరారు. రెండో దారిలో 1960 మే 25న చైనా జట్టు చేరింది. ఈ రెండు దారులకూ శిఖరం తప్ప ఉమ్మడి చోటు ఒక్కటీ లేదు. అందుకే వ్యాసం మొదటి పేరాలోనే "నేపాల్ వైపు నుంచి" లేదా "టిబెట్ వైపు నుంచి" అని రాయాలి. ఆ ఒక్క మాట రాయకపోతే కింద రాసే ప్రతి పేరూ తప్పయ్యే ప్రమాదం ఉంది.

కొండ ఆకారం ఎలా చెప్తే చదివేవాళ్ల కళ్లకు కడుతుంది?

మూడు పలకల పిరమిడ్ అని చెప్పండి. పిరమిడ్ అనగానే ఈజిప్టులోలాగా నాలుగు వైపులు గుర్తొస్తాయి కాబట్టి "మూడు" అన్న మాట తప్పనిసరి. మూడు ముఖాల్లో నైరుతి ముఖం నేపాల్ వైపు ఉంటుంది, ఉత్తర ముఖమూ కాంగ్‌షుంగ్ అనే తూర్పు ముఖమూ టిబెట్ వైపు ఉంటాయి. ముఖాలు కలిసే అంచులు కూడా మూడు: పశ్చిమ రిడ్జ్, ఆగ్నేయ రిడ్జ్, ఈశాన్య రిడ్జ్. నేపాల్, చైనా సరిహద్దు సరిగ్గా శిఖరం మీదుగా పోతుంది.

ఈ విషయంలో తెలుగు పాఠకుడితో మనకు ఒక సౌలభ్యం ఉంది. ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం ఇల్లు కట్టుకునే ప్రతి ఒక్కరికీ తెలిసిన మాటలే. వంటిల్లు ఉండే మూల ఆగ్నేయమని విడిగా చెప్పనక్కర్లేదు. కాబట్టి "సౌత్ ఈస్ట్" అని రాయకుండా నేరుగా ఆగ్నేయం అనే రాయండి. చదివేవాళ్ల మనసులో పటం దానంతట అదే తయారవుతుంది.

రిడ్జ్‌ని "గట్టు" అనొచ్చా?

పొలం గట్టు గుర్తొచ్చేవాళ్లకు ఫర్వాలేదు. కానీ చాలా జిల్లాల్లో గట్టు అంటే కొండే. "ఈశాన్య గట్టు ఎక్కారు" అని రాస్తే అది ఇంకో కొండ అనుకుంటారు. రిడ్జ్ అనే రాసి, మొదటిసారి వచ్చినప్పుడు పెంకుటింటితో పోల్చండి. రెండు వాలులు పైన కలిసేచోట కొప్పు ఉంటుంది కదా, రిడ్జ్ అలాంటిది. కొప్పు మీద నడిచేవాడికి అటూ ఇటూ జారుడే. ఈ పోలిక ఒక్కటి అందితే ఆ తర్వాత రిడ్జ్ అన్న మాట ఎన్నిసార్లు వచ్చినా పాఠకుడు తడబడడు.

ఎత్తు 8,848 అని రాయాలా, 8,848.86 అని రాయాలా? కొన్నిచోట్ల 8,844 అని కూడా ఉంది.

ఇప్పుడు రాయాల్సింది 8,848.86 మీటర్లు. నేపాల్, చైనా కలిసి 2020 డిసెంబర్ 8న ప్రకటించిన ఎత్తు ఇది. మామూలు వ్యాసంలో 8,849 అని సర్దినా సరిపోతుంది. 8,848 అనేది 1950లలో సర్వే ఆఫ్ ఇండియా కొలిచిన లెక్క. మన పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలు ఉన్నది అదే. 8,844.43 అనేది 2005లో చైనా కొలిచిన రాతి ఎత్తు, అందులో పైనున్న మంచు మందం కలపలేదు. 29,002 అడుగులు అని కనిపిస్తే అది 1856లో ప్రకటించిన తొలి లెక్క, చరిత్ర చెప్పేటప్పుడు తప్ప వాడొద్దు. ఇప్పటి ఎత్తు అడుగుల్లో కావాలంటే సుమారు 29,032. ఒకే వ్యాసంలో ఒకచోట మీటర్ల కొత్త లెక్క, ఇంకోచోట అడుగుల పాత లెక్క రావడం చాలా మామూలుగా జరిగే తప్పు.

"సాగరమాత" అన్న పేరు సరైనదేనా?

కాదు. నేపాలీ పేరు సగర్‌మాథా. అక్కడ సగర్ అంటే ఆకాశం, మాథా అంటే తల. ఆకాశానికి తల అన్న అర్థం వస్తుంది. మనవాళ్లు దాన్ని "సాగరమాత" అని రాసేసరికి సముద్రపు తల్లి అయిపోయింది. "సగర్‌మాథా" అని రాయండి. టిబెటన్ పేరు చోమోలుంగ్మా, షెర్పాలూ ఆ పేరుతోనే పిలుస్తారు. వ్యాసం అంతా ఎవరెస్ట్ అని రాసినా ఈ రెండు పేర్లూ ఒక్కసారైనా చెప్పడం మర్యాద. కొండ కింద తరతరాలుగా బతికినవాళ్లు పెట్టుకున్న పేరు ఉండగా 1865లో ఒకప్పటి సర్వేయర్ జనరల్ జార్జ్ ఎవరెస్ట్ పేరు పెట్టారన్న సంగతి పాఠకుడికి తెలియాలి.

శిఖరం మీద సముద్ర జీవుల ఆనవాళ్లు ఉన్నాయంటారు, రాయొచ్చా?

రాయొచ్చు, నిజమే. శిఖరం దగ్గరి రాయి సున్నపురాయి. మన ఇళ్లలో పరిచే తాండూరు బండలూ ఆ జాతివే. శిఖరం రాయి నలభై ఐదు కోట్ల ఏళ్ల కిందట సముద్రం అడుగున పేరుకుంది. అందులో చిన్న సముద్ర జీవుల పెంకుల ముక్కలు దొరికాయి. "శంఖాలు దొరుకుతాయి" అని మాత్రం రాయకండి. చాలావరకు భూతద్దంలో చూస్తే గానీ కనిపించని తునకలు అవి.

## నేపాల్ వైపు దారి

లుక్లా నుంచి బేస్ క్యాంప్ దాకా నడిచినవాళ్లను "ఎవరెస్ట్ అధిరోహించారు" అనొచ్చా?

అనకూడదు. లుక్లా సుమారు 2,850 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అక్కడి నుంచి నామ్చే బజార్, తెంగ్‌బోచే, దింగ్‌బోచే, లోబూచే, గోరక్‌షెప్ మీదుగా 5,364 మీటర్ల దగ్గరున్న బేస్ క్యాంప్‌కి వారం పైన నడక. ఊపిరి ఆడక ఇబ్బందిపడే ఎత్తే అయినా అది కాలిబాట. తాడు, బూటుకి కట్టుకునే ఉక్కు పళ్ల క్రాంపాన్లు అవసరం ఉండవు. అక్కడి నుంచి శిఖరానికి ఇంకా 3,485 మీటర్లు ఎక్కాలి. "ఎవరెస్ట్ బేస్ క్యాంప్ చేరుకున్నారు" అంటే సరైన వాక్యం, అది చిన్న విషయమేమీ కాదు కూడా. శీర్షికలో "బేస్ క్యాంప్" ఎగిరిపోయి "ఎవరెస్ట్ ఎక్కిన మన కుర్రాడు" అని పడితే ఆ నడిచినవాళ్లకే ఇబ్బంది.

బేస్ క్యాంప్‌లో నిలబడితే శిఖరం కనిపిస్తుందా?

నేపాల్ వైపు బేస్ క్యాంప్ నుంచి కనిపించదు. పశ్చిమ భుజం అనే ఎవరెస్ట్ పడమటి భాగం అడ్డం వస్తుంది. శిఖరం చూడాలంటే గోరక్‌షెప్ పక్కనున్న కాలా పత్థర్ ఎక్కాలి. టిబెట్ వైపు బేస్ క్యాంప్ నుంచైతే ఉత్తర ముఖం మొత్తం ఎదురుగా ఉంటుంది. "డేరా జిప్ తీయగానే ఎదురుగా ఎవరెస్ట్ శిఖరం" అన్న వాక్యం రాసేముందు ఆ డేరా ఏ దేశంలో ఉందో చూసుకోండి.

ఖుంబు ఐస్‌ఫాల్ అంటే గడ్డకట్టిన జలపాతమా?

కాదు, అసలు అక్కడ నీళ్లు పారి గడ్డకట్టడమన్నదే లేదు. ఖుంబు హిమానీనదం ఒక మంచు నది. నెమ్మదిగా కిందికి జరుగుతూ ఉంటుంది. దాని అడుగునున్న నేల ఒక్కసారిగా ఏటవాలైనచోట పై మంచు వంగలేక పగులుతుంది. పగుళ్ల మధ్య ఇళ్లంత, మేడలంత దిమ్మలు నిలబడతాయి, ఒరుగుతాయి, చెప్పాపెట్టకుండా కూలతాయి. బేస్ క్యాంప్ దాటగానే మొదలై సుమారు 6,000 మీటర్ల దాకా ఇదే. ఈ భాగం రోజుకి మీటరు దాకా జరుగుతుంది. అంటే నిన్న కట్టిన తాడు ఇవాళ బిగుసుకుపోవచ్చు, నిచ్చెన ఒక వైపు గాల్లో వేలాడవచ్చు.

ఏటా సీజన్ మొదట్లో ఐస్‌ఫాల్ డాక్టర్లు అని పిలిచే షెర్పా బృందం దారి వెతికి తాళ్లు, అల్యూమినియం నిచ్చెనలు వేస్తుంది, సీజన్ పొడవునా మరమ్మతు చేస్తుంది. వెడల్పాటి పగులు వస్తే రెండు మూడు నిచ్చెనలు కొసకి కొస కట్టి అడ్డంగా పరుస్తారు. బూటు కింద క్రాంపాన్ల ఉక్కు పళ్లు ఉంటాయి కదా, ముందు పళ్లు ఒక మెట్టుకి అవతల, వెనక పళ్లు ఇంకో మెట్టుకి ఇవతల పడేలా అడుగు వేయాలి. పాదం చిన్నదైనవాళ్లకు రెండు మెట్ల మీదా ఆనదు, పాదం మధ్యభాగాన్ని ఒక్క మెట్టు మీదే నిలబెట్టుకోవాలి. ఉక్కు పళ్లు అల్యూమినియానికి తగిలి కీచుమంటుంది, నిచ్చెన మధ్యలో కిందికి కుంగుతుంది. ఎండ పడితే దిమ్మలు వదులవుతాయి కాబట్టి తెల్లవారకముందే, తలకి లైటు కట్టుకుని దాటుతారు. ఇంత వివరం ఉన్న చోటు ఇది. "ప్రమాదకరమైన మంచు ప్రాంతం" అని ఒక్క ముక్కతో వదిలేయకండి.

2014 ఏప్రిల్ 18న పశ్చిమ భుజం మీది నుంచి మంచు దిమ్మ విరిగిపడి ఇక్కడే 16 మంది నేపాలీ కార్మికులు చనిపోయారు. ఆ తర్వాతి ఏడాది నుంచి దారిని ఆ భుజానికి దూరంగా, ఐస్‌ఫాల్ మధ్యకు జరిపారు. 2014కి ముందరి పటం చూసి ఇప్పటి దారి వర్ణిస్తే తేడా వస్తుంది.

క్యాంప్ 1 నుంచి 4 దాకా ఎక్కడెక్కడ ఉంటాయి?

క్యాంప్ 1 ఐస్‌ఫాల్ పైన, సుమారు 6,000 నుంచి 6,100 మీటర్లు. క్యాంప్ 2 వెస్టర్న్ కూమ్ అనే లోయలో, సుమారు 6,400 నుంచి 6,500. క్యాంప్ 3 పక్క కొండ లోత్సే మీది లోత్సే ఫేస్ అనే వాలులో మంచు చెక్కి చదును చేసిన చోట, సుమారు 7,200 నుంచి 7,300. క్యాంప్ 4 సౌత్ కల్ మీద, 7,900 దాటి. అన్నిటికీ "సుమారు" అనే రాయాలి. శిఖరం ఎత్తు సెంటీమీటర్లలో చెప్పొచ్చు, అది ఏటేటా పెద్దగా మారదు. క్యాంపు అలా కాదు. మంచు మీద వేసింది, ఏటేటా చోటు మారుతుంది, జట్టుకో చోట వేసుకుంటుంది. "6,065 మీటర్ల ఎత్తులోని క్యాంప్ 1" అని రాస్తే అది ఖచ్చితత్వంలా కనిపిస్తుంది గానీ నిజానికి తప్పు.

"వెస్టర్న్ సీడబ్ల్యూఎం" అని వాడకంలో ఉంది, ఎలా పలకాలి?

"కూమ్" అని పలకాలి. అది పొట్టి అక్షరాల పేరు కాదు, మూడు వైపులా కొండలున్న లోయని వెల్ష్ భాషలో అలా అంటారు. 1921లో బ్రిటిష్ పర్వతారోహకుడు జార్జ్ మాలరీ పెట్టిన పేరు. ఎవరెస్ట్, లోత్సే, నుప్త్సే మూడూ చుట్టూ నిలబడి ఎండని లోపలికే తిప్పికొట్టడంతో, గాలి లేని మధ్యాహ్నం ఇక్కడ చెమటలు కారేంత వేడి. చలి గురించి మాత్రమే రాసే వ్యాసాల్లో ఈ సంగతి కనబడదు.

లోత్సే ఫేస్ నిట్టనిలువు గోడా?

కాదు. చాలాభాగం 40 నుంచి 50 డిగ్రీల వాలు, అక్కడక్కడ అంతకన్నా నిటారు ముక్కలు. 50 డిగ్రీలు కాగితం మీద తక్కువనిపిస్తుంది. ఇంట్లో మెట్లు సుమారు 30 నుంచి 35 డిగ్రీలే. అంతకంటే ఎక్కువ వాలులో, మెట్లు లేకుండా, నున్నటి గట్టి మంచు మీద దాదాపు కిలోమీటరు ఎత్తు ఎక్కాలి. కట్టిపెట్టిన తాడుకి జుమార్ అనే పట్టు పరికరం తగిలించి, దాన్ని పైకి తోస్తూ ఒక్కో అడుగు వేస్తారు. జుమార్ పైకే జరుగుతుంది, కిందికి జారదు. ఇక్కడ బాగా జాగ్రత్తగా ఉండాల్సింది తాడు మారేటప్పుడు. ఒక తాడు ముగిసి ఇంకోటి మొదలయ్యే ముడి దగ్గర, అవతలి తాడుకి క్లిప్పు తగిలించకముందే ఇవతలిది తీసేస్తే పట్టు ఏదీ ఉండదు. నిట్టనిలువు అన్న మాట నిజంగా నిలువుగా ఉన్న రాయికి దాచిపెట్టుకోండి.

సౌత్ కల్ నుంచి శిఖరం దాకా వరసగా ఏమేం వస్తాయి?

రాత్రి బయలుదేరతారు. మొదట బాల్కనీ అనే చిన్న చదును చోటు, సుమారు 8,400 మీటర్లు. ఆక్సిజన్ సిలిండర్ మార్చుకునేది ఎక్కువగా ఇక్కడే. అక్కడి నుంచి ఆగ్నేయ రిడ్జ్ మీద సౌత్ సమ్మిట్, సుమారు 8,750. ఇది శిఖరం కాదు, శిఖరానికి ముందు వచ్చే చిన్న కొమ్ము. ఆపై కాసేపు కిందికి దిగి సన్నటి రిడ్జ్ మీద నడవాలి. గాలి తోసిన మంచు రిడ్జ్ అంచు దాటి గాల్లోకి పెరుగుతుంది. దాన్ని కార్నిస్ అంటారు, తెలుగులో మంచు చూరు అంటే సరిగ్గా అతుకుతుంది. చూరు మీద కాలు పడితే కింద ఆధారం లేదు. ఒక వైపు కాంగ్‌షుంగ్ ముఖం, ఇంకో వైపు నైరుతి ముఖం. ఆ తర్వాత హిల్లరీ స్టెప్ చోటు, సుమారు 8,790. అది దాటితే వాలు తగ్గి శిఖరం వస్తుంది.

హిల్లరీ స్టెప్ ఇంకా ఉందా, కూలిపోయిందా?

పన్నెండు మీటర్ల ఎత్తుండే దాదాపు నిలువు రాతి మెట్టు అది. 2015 భూకంపం తర్వాత దాని రూపం మారింది. పెద్ద బండ లేదని, ఆ చోట మంచు వాలు ఎక్కామని తర్వాత ఎక్కినవాళ్లు చెప్పారు. కాబట్టి 1953 గురించి రాసేటప్పుడు రాతి మెట్టు అని వర్ణించండి. 2015 తర్వాతి ఎక్కుడు గురించి అయితే "హిల్లరీ స్టెప్ ఉన్న చోటు" అని రాయండి. ఇవాళ్టి ఎక్కుడుకి పాత వర్ణన అతికించడం ఎక్కువ కనిపించే పొరపాటు.

## టిబెట్ వైపు దారి

మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఏ దారిలో ఎక్కారు?

టిబెట్ వైపు నుంచి. 2014 మే 25న ఇద్దరూ శిఖరం చేరారు. కాబట్టి వాళ్ల కథలో ఖుంబు ఐస్‌ఫాల్ రాదు, హిల్లరీ స్టెప్ రాదు, సౌత్ కల్ రాదు. వాళ్లు దాటింది నార్త్ కల్, ఈశాన్య రిడ్జ్, దాని మీది మూడు స్టెప్పులు. ఐస్‌ఫాల్ నిచ్చెన ఫొటో పక్కన వాళ్ల కథ వేస్తే, ఆ పిల్లలు నిజంగా పడ్డ కష్టం చెరిపేసి ఇంకెవరిదో అంటించినట్టే. గురుకుల పాఠశాలల నుంచి వెళ్లిన ఆ పిల్లల గురించి చదివేవాళ్లలో వాళ్లలాంటి పిల్లలే ఎక్కువ, వాళ్లకి సరైన దారి చెప్పాలి.

ఇంకో చిన్న సంగతి: తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది ఆ ఏడాది జూన్ 2న. ఎక్కిన రోజుకి అది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్.

టిబెట్ వైపు క్యాంపుల అంకెలు ఒక్కొక్కరూ ఒక్కోలా రాస్తున్నారు, ఏది సరైనది?

రెండు లెక్కలున్నాయి. ఇప్పుడు ఎక్కువమంది వాడేది ఇది. బేస్ క్యాంప్ సుమారు 5,200 మీటర్లు, అక్కడిదాకా వాహనం వెళ్తుంది. మధ్యలో ఒక మజిలీ, ఆపై తూర్పు రోంగ్‌బుక్ హిమానీనదం పక్కన సుమారు 6,400 దగ్గర అడ్వాన్స్‌డ్ బేస్ క్యాంప్, యాక్‌లు సామాన్లు మోసేది ఇక్కడిదాకానే. క్యాంప్ 1 నార్త్ కల్ మీద, 7,000 దాటి. క్యాంప్ 2 సుమారు 7,500 నుంచి 7,700 మధ్య. క్యాంప్ 3 సుమారు 8,200 నుంచి 8,300, అక్కడి నుంచే శిఖరానికి బయలుదేరతారు. పాత బ్రిటిష్ జట్ల కాలం లెక్కలో నార్త్ కల్ క్యాంప్ 4. అందుకని అంకె ఒక్కటే రాయకుండా చోటు పేరు కూడా రాయండి: "నార్త్ కల్ మీది క్యాంపు" అంటే ఏ లెక్కలోనైనా అదే.

నార్త్ రిడ్జ్, ఈశాన్య రిడ్జ్ రెండూ ఒకటేనా?

కాదు. నార్త్ కల్ నుంచి పైకి వెళ్లేది నార్త్ రిడ్జ్. అది పైకి పోయి ఈశాన్య రిడ్జ్‌లో కలుస్తుంది. మామూలు దారి మొదట నార్త్ రిడ్జ్ మీద, చివరి భాగం మాత్రమే ఈశాన్య రిడ్జ్ మీద సాగుతుంది. ఈశాన్య రిడ్జ్‌ని కింది నుంచీ పూర్తిగా ఎక్కడం వేరే, చాలా కఠినమైన దారి. 1995లో గానీ అది సాధ్యం కాలేదు. "ఈశాన్య రిడ్జ్ మొత్తం ఎక్కారు" అని అనాలోచితంగా రాయకండి.

ఫస్ట్ స్టెప్, సెకండ్ స్టెప్, థర్డ్ స్టెప్: "మొదటి మెట్టు, రెండో మెట్టు" అని అనువదించొచ్చా?

అనువదిస్తే తిరుమల మెట్లలాంటివని అనుకుంటారు. ఇవి రిడ్జ్‌కి అడ్డంగా లేచిన రాతి గడపలు. మొదటిది సుమారు 8,500 మీటర్ల దగ్గర, రెండోది సుమారు 8,600, మూడోది సుమారు 8,700. వీటిలో గట్టిది రెండోది. నలభై మీటర్ల ఎత్తు, పైన చివరి కొన్ని మీటర్లు నిజంగానే నిట్టనిలువు రాయి. 1975లో చైనా జట్టు అక్కడ అల్యూమినియం నిచ్చెన బిగించింది. ఆ తర్వాత ఎక్కినవాళ్లు దాదాపు అందరూ ఆ చోట నిచ్చెన మీదుగా వెళ్లినవాళ్లే. ఇలా చెప్పడం వాళ్ల ఘనత తగ్గించడం కాదు. ఆ ఎత్తులో, ముఖానికి మాస్క్ ఉంటే పాదాలు కనబడవు, క్రాంపాన్ల పళ్లు మెట్టుకి తగులుతున్నాయో లేదో తడుముకోవాలి. నిచ్చెన సంగతి రాస్తేనే ఆ దృశ్యం పాఠకుడికి అందుతుంది.

ఏ వైపు సులువు?

"సులువు" అన్న మాట ఏ వైపుకీ వాడొద్దు. నేపాల్ వైపు గండం కింద ఉంది: ఐస్‌ఫాల్‌ని ఒక్కసారి కాదు, పోతూ వస్తూ చాలాసార్లు దాటాలి. టిబెట్ వైపు గండం పైన ఉంది. గాలి ఎక్కువ, చివరి క్యాంపే 8,200 పైన, రిడ్జ్ మీద చాలా దూరం అడ్డంగా నడవాలి కాబట్టి బాగా ఎత్తులో గడిపే గంటలు ఎక్కువ. ఒంట్లో సత్తువ అయిపోయినవాడిని అక్కడి నుంచి కిందికి తీసుకురావడం కూడా కష్టం. ఈ తేడా చెప్తే చాలు, పోటీ పెట్టనక్కర్లేదు.

## మాటలు ఎంచుకునేటప్పుడు

స్నో, ఐస్, ఫాగ్ అన్నిటికీ "మంచు" సరిపోదా?

సరిపోదు. తెలుగులో పొద్దున గడ్డి మీద ఉండేదీ మంచే, రోడ్డు కనబడకుండా చేసేదీ మంచే, ఫ్రిజ్‌లో పేరుకునేదీ మంచే. కొండ మీద వీటి తేడా ప్రాణాలకి సంబంధించింది. "మంచులో దారి తప్పారు" అంటే పొగమంచులోనా, కురుస్తున్న మంచులోనా? "మంచులో కూరుకుపోయారు" అంటే మెత్తటి మంచులోనే కూరుకుపోతారు, గడ్డకట్టిన మంచు మీద జారిపోతారు. అందుకని కురిసిన మంచు, గట్టి మంచు లేదా ఐస్, పొగమంచు అని ప్రతిసారీ విడదీసి రాయండి.

"హిమపాతం" అంటే ఏది?

ఈ మాటే అన్నిటికంటే ఎక్కువ గందరగోళం చేస్తోంది. మంచు కురవడానికి, కొండ మీది మంచు విరిగి కిందికి దూకడానికి, ఐస్‌ఫాల్‌కి కూడా దీన్నే వాడేస్తున్నారు. "ఖుంబు హిమపాతం వద్ద హిమపాతం" అన్న వాక్యం ఎవరికీ అర్థం కాదు. హిమపాతాన్ని మంచు కురవడానికి వదిలేయండి. మంచు విరిగిపడితే "మంచు చరియలు విరిగిపడ్డాయి" అనండి, అది జనానికి అలవాటైన మాటే. ఐస్‌ఫాల్‌ని ఐస్‌ఫాల్ అనే ఉంచండి. అలాగే క్రెవాస్‌ని "లోయ" అనకండి, అది హిమానీనదంలో పడిన పగులు. లోయలో పడ్డాడంటే కొండ అంచు నుంచి జారాడనుకుంటారు. పగులులో పడటం అంటే నడుస్తున్న నేలే కాలికింద తెరుచుకోవడం.

"షెర్పాలను పెట్టుకుని ఎక్కారు" అనొచ్చా?

షెర్పా ఉద్యోగం పేరు కాదు, ఒక జాతి పేరు. తూర్పు నుంచి వచ్చినవాళ్లన్న అర్థం. ఎవరెస్ట్ మీద పనిచేసేవాళ్లలో తమాంగ్, రాయ్, గురుంగ్ జాతులవాళ్లూ ఉంటారు. పని చెప్పాలంటే గైడు, తాళ్లు కట్టేవాళ్లు, మోతగాళ్లు, వంటవాళ్లు అని చెప్పండి. పేరు తెలిస్తే పేరు రాయండి. శిఖరం మీద ఇద్దరున్న ఫొటో వేసి ఒకరి పేరే రాయడం అన్యాయం.

8,000 మీటర్ల పైన ఆక్సిజన్ 33 శాతమే ఉంటుందా?

ఉండదు. గాలిలో ఆక్సిజన్ వాటా విజయవాడలోనైనా శిఖరం మీదైనా దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి పీడనం. శిఖరం మీద అది సముద్ర మట్టంలో ఉండే దానిలో మూడో వంతు. అందువల్ల ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ మూడో వంతు అవుతుంది. "ఒక్క శ్వాసలో అందాల్సిన ఆక్సిజన్‌లో మూడో వంతే అందుతుంది" అని రాస్తే సరిగ్గా ఉంటుంది.

"4 లీటర్ల ఆక్సిజన్ సిలిండర్" ఎంతసేపు వస్తుంది?

4 లీటర్లు సిలిండర్ లోపలి చోటు, ఆక్సిజన్ మొత్తం కాదు. దాన్ని 300 బార్ పీడనంతో నింపితే సుమారు 1,200 లీటర్ల ఆక్సిజన్ పడుతుంది. నిమిషానికి 2 లీటర్లు వదిలితే పది గంటలు, 4 లీటర్లు వదిలితే ఐదు గంటలు. దారిలో ఒకచోట గుంపు ఆగిపోయి రెండు గంటలు నిలబడాల్సి వస్తే ప్రమాదం ఎందుకో పాఠకుడికి ఈ లెక్కతో తెలిసిపోతుంది.

## ఫొటో, సమయం, రికార్డు

ఈ ఫొటో ఎవరెస్టేనా అని ఎలా తెలుసుకోవాలి?

తెల్లగా, సూటిగా, అందంగా ఉంటే ముందు అనుమానించండి. ఎవరెస్ట్ పేరుతో తిరిగే ఫొటోల్లో అమా దబ్లామ్, పుమోరి అనే చుట్టుపక్కల కొండలవి చాలా ఉంటాయి. కాలా పత్థర్ నుంచి తీసిన ఫొటోలో ముందు తెల్లగా, ఎత్తుగా కనిపించేది నుప్త్సే. దాని వెనక నుంచి నల్లటి రాతి త్రికోణంలా తొంగిచూసేదే ఎవరెస్ట్. దగ్గరున్నది ఎత్తుగా కనబడుతుంది కాబట్టి బాణం గుర్తు తప్పు కొండ మీద పెడుతుంటారు. గాలి బాగా వీచే శిఖరం మీద కొండకి రాతి రంగే ఎక్కువ.

"ఎడమ వైపు నుంచి మంచు చరియలు పడ్డాయి" అంటే ఎవరి ఎడమ?

పైకి ఎక్కేవాడి ఎడమ ఒకటి, హిమానీనదం పారే దిక్కుకి ముఖం పెట్టినవాడి ఎడమ ఇంకోటి. రెండూ ఎదురెదురు. "పైకి వెళ్తుంటే ఎడమ చేతి వైపు" అని పూర్తిగా రాయండి, లేదంటే పశ్చిమ భుజం వైపు అని చోటు చెప్పండి.

శిఖరం చేరిన సమయం ఏ దేశం గడియారంలో రాయాలి?

ఏదైనా రాయండి, ఏదో చెప్పండి. మన ఉదయం 6 గంటలు నేపాల్‌లో 6.15, చైనా అధికారిక సమయంలో 8.30. టిబెట్ వైపు ఎక్కే జట్లు కొన్ని నేపాల్ గడియారమే వాడతాయి. కాబట్టి అడిగి రాసుకోండి. అర్ధరాత్రి అటూ ఇటూ అయితే తేదీ కూడా మారిపోతుంది.

పూర్ణ "ప్రపంచంలోనే అతి పిన్న వయసులో ఎక్కిన వ్యక్తి" అని రాస్తున్నారు, సరేనా?

అతి చిన్న వయసులో ఎక్కిన అమ్మాయి అంటే సరైనది. అప్పుడు ఆమెకు 13 ఏళ్ల 11 నెలలు. 2010 మే 22న అమెరికా కుర్రాడు జోర్డాన్ రొమెరో 13 ఏళ్ల 10 నెలల వయసులో, అతనూ టిబెట్ వైపు నుంచే ఎక్కాడు. ఒక్క నెల తేడా, కానీ రికార్డు అంటే ఆ నెలే.

ఒక పేరా తీసుకుని సరిచేసి చూపిస్తారా?

టిబెట్ వైపు నుంచి ఎక్కిన ఒక విద్యార్థి గురించి అనుకోండి. సాధారణంగా వచ్చే పేరా ఇలా ఉంటుంది: "భీకర హిమపాతాన్ని, నిట్టనిలువు మంచు గోడలను దాటుకుంటూ, 33 శాతం ఆక్సిజన్ మాత్రమే ఉండే డెత్ జోన్‌లో షెర్పా సాయంతో 8,300 మీటర్ల నాలుగో క్యాంపు నుంచి 29,002 అడుగుల సాగరమాతను అధిరోహించాడు."

దీన్ని ఇలా మార్చొచ్చు: "టిబెట్ వైపు చివరి క్యాంపు నుంచి, సుమారు 8,200 మీటర్ల పైన, రాత్రి బయలుదేరాడు. తల లైటు వెలుగులో పాదం ముందు రెండడుగుల మేరే కనబడేది. ఈశాన్య రిడ్జ్ మీద సెకండ్ స్టెప్ రాతి గోడ దగ్గర అల్యూమినియం నిచ్చెన ఎక్కాడు. తన ముందు వెళ్తున్న గైడు పైకి చేరి తాడు బిగించి పట్టుకునేదాకా కింద ఆగాడు. ఒక్కో శ్వాసలో కింద అందే దానిలో మూడో వంతు ఆక్సిజనే అందే ఎత్తు అది. తెల్లవారాక, నేపాల్ సమయం ప్రకారం 6.15కి, 8,849 మీటర్ల శిఖరం చేరాడు."

రెండోది పొడవైంది, నిజమే. చోటు సరిపోకపోతే ముందు లైటు వాక్యం తీసేయండి, తర్వాత గైడు తాడు వాక్యం కుదించండి. టిబెట్ వైపు అన్న మాట, సెకండ్ స్టెప్, నిచ్చెన, ఏ దేశపు సమయమో మాత్రం ఉంచండి.